కరువులోంచి వచ్చిన నాయకుడు

వెదురు పూసిందంటే మా అవ్వకు భయం. ఆ ఏడు గాదె జాగ్రత్తగా చూసుకోవాలనేది. పిల్లలం మాత్రం రాలిన వెదురు బియ్యం ఏరుకొచ్చి, జావ కాయించుకుని తాగి సంబరపడేవాళ్లం. అవ్వ భయానికి అర్థం నాకు ముప్పై దాటాక తెలిసింది, అదీ హైదరాబాదులో జరిగిన ఒక ఉపాధ్యాయ శిక్షణలో.

అక్కడ నా గదిలో ఉన్నది మిజోరాం నుంచి వచ్చిన మాస్టారు. నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. ఇద్దరిదీ వచ్చీరాని హిందీ. నేను వెదురు బియ్యం జావ సంగతి చెబితే ఆయన నవ్వి, "మీకు బియ్యం మిగిలింది, మాకు ఎలుకలు మిగిలాయి" అన్నారు. ఆ రాత్రి లాల్‌డెంగా కథ మొదలైంది. వారం రోజులు సాగింది.

వాళ్ల కొండల్లో ఒక రకం వెదురు దాదాపు 48 ఏళ్లకొకసారి కొండంతా ఒక్కసారే పూస్తుంది. ఆ గింజలు తిని ఎలుకలు లెక్కలేనంతగా పెరుగుతాయి. గింజలు అయిపోగానే వరి మీద పడతాయి. దాన్ని వాళ్లు 'మౌతాం' అంటారు. 1959లో అదే జరిగింది. అప్పట్లో మిజో కొండలు అస్సాంలో ఒక జిల్లా. ఆరో షెడ్యూలు కింద జిల్లా కౌన్సిల్ ఉండేది. మన ఐదో షెడ్యూలులో అలాంటి కౌన్సిల్ లేదు కాబట్టి అది చూసి మనకు ఆశ పుడుతుంది. కానీ ఆ కౌన్సిల్ 1958లోనే కరువు వస్తుందని తీర్మానం చేసి 15 లక్షల రూపాయలు అడిగితే అస్సాం ప్రభుత్వం నమ్మలేదు. వెదురు పూస్తే కరువేమిటి, కొండవాళ్ల మూఢనమ్మకం అనుకున్నారు. మన పెద్దలు చెప్పే మాటలను ఆఫీసుల్లో ఎలా వింటారో మనకు తెలుసు కదా.

లాల్‌డెంగా అప్పుడు బయటికొచ్చాడు. అంతకుముందు సైన్యంలో హవల్దారు, తర్వాత లెక్కల గుమాస్తా. మాటకారి. 1960లో కరువు సహాయానికి పెట్టిన సంఘం పేరు మిజో నేషనల్ ఫ్యామిన్ ఫ్రంట్. కుర్రాళ్లు బియ్యం మూటలు భుజాన వేసుకుని రోడ్డులేని ఊళ్లకు నడిచారు. నాయకుడి పేరు ఊరూరా తెలిసింది ఆ మూటలతోనే. అదే ఏడాది అస్సామీని రాష్ట్ర అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. బడిలో కోయ పిల్లలకు తెలుగులో పాఠం చెప్పే నాకు ఆ మంట కొంత అర్థమవుతుంది. 1961 అక్టోబరులో సంఘం పేరులోంచి 'కరువు' అనే మాట తీసేశారు. మిగిలింది మిజో నేషనల్ ఫ్రంట్. కోరిక కూడా మారింది: వేరే దేశం.

1966 ఫిబ్రవరి 28 రాత్రి తిరుగుబాటు. మరునాడు స్వాతంత్ర్య ప్రకటన. మార్చి 5న ఐజ్వాల్ మీద మన వైమానిక దళమే దాడి చేసింది. సొంత దేశపు పట్టణం మీద! లాల్‌డెంగా తూర్పు పాకిస్తాన్ చేరుకున్నాడు. 1971లో అక్కడ బంగ్లాదేశ్ రాగానే ఆ స్థావరం పోయి, దళాలు బర్మా అరకాన్ కొండలకు వెళ్లాయి. ఆయన పాకిస్తాన్‌లో, తర్వాత యూరప్‌లో ఉన్నాడు.

ఊళ్లలో జనం మాత్రం ఎక్కడికీ పోలేదు. వాళ్లనే కదిలించారు. 1967 నుంచి సైన్యం ఊళ్లను ఖాళీ చేయించి, రోడ్డు పక్కన కంచెలోపల కొత్త ఊళ్లుగా కుదించింది. 764 ఊళ్లలో 516 ఖాళీ అయ్యాయని రాసిన లెక్క ఉంది. మా మాస్టారు పుట్టింది అలాంటి కంచె ఊళ్లోనే. బయటికి పోవాలంటే చీటీ, తిరిగొచ్చాక హాజరు. పోడు దూరమైంది. రాత్రి ఫ్రంటు మనిషికి అన్నం పెట్టినందుకు పొద్దున సైన్యం అడిగేది, పెట్టకపోతే ఫ్రంటు అడిగేది. ఇది వింటూ నేనేం మాట్లాడలేదు. చర్ల వైపు పెరిగినవాడిని. రాత్రి తలుపు, పొద్దున ప్రశ్న, రెండూ మా ఇంట్లోనూ ఉన్నాయి.

ఆయన తండ్రికి లాల్‌డెంగా అంటే ఈరోజుకీ గౌరవమట. నాయనమ్మ మాత్రం చనిపోయేవరకు ఆ పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదట.

1986 జూన్ 30న ఒప్పందం. దేశం అడిగిన మనిషి రాష్ట్రానికి సంతకం పెట్టాడు. నాకు ఇందులో ఎక్కువగా నచ్చిన మనిషి ఆయన కాదు. అప్పటి ముఖ్యమంత్రి లాల్ థన్‌హావ్లా తన కుర్చీ వదిలి, నిన్నటి తిరుగుబాటుదారును ముఖ్యమంత్రిని చేసి, తాను ఉప ముఖ్యమంత్రిగా ఉన్నాడు. అలా కుర్చీ వదిలే వాళ్లను మనం ఎక్కడ చూశాం? 1987 ఫిబ్రవరిలో మిజోరాం రాష్ట్రమైంది. వాళ్ల భూమి మీద, ఆచార చట్టం మీద పార్లమెంటు చేసే చట్టం అక్కడి శాసనసభ ఒప్పుకోకుండా వర్తించదని 371జి చెబుతుంది. మన 1/70 ఎన్నిసార్లు నీరుగారిందో తెలిసిన వాళ్లకు దాని విలువ తెలుస్తుంది. అయితే పాలన ఆయనకు కలిసిరాలేదు. సొంతవాళ్లే వీడి 1988లో ప్రభుత్వం పడిపోయింది. 1990లో లండన్‌లో చనిపోయాడు.

గత ఏడాది ఎనిమిదో తరగతిలో ఇదంతా చెబితే ఒక కుర్రాడు సూటిగా అడిగాడు: "అయితే సార్, తుపాకీ పట్టబట్టే రాష్ట్రం వచ్చిందా?"

అవునని చెప్పలేను. ఇరవై ఏళ్లు పట్టింది, అడిగింది రాలేదు. పోరాటం మధ్యలోనే, 1972లో, కేంద్రపాలిత ప్రాంతం వచ్చింది. చివరికి కూర్చోబెట్టి మాట్లాడించడంలో చర్చిల పాత్ర చాలా ఉంది. కాదనీ చెప్పలేను. 15 లక్షలు అడిగిన తీర్మానాన్ని ఎవరూ పట్టించుకోలేదు కదా. ఇంకో సంగతి కూడా పిల్లలకు దాచలేదు. అదే మిజోరాం నుంచి 1997లో బ్రూ తెగవాళ్లు వేలమంది త్రిపురకు పారిపోయారు. పెద్ద తెగ తనకోసం కోరుకున్నదే చిన్న తెగ కోరితే ఏమైందో చూడండి. ఈ సంగతి ఎత్తితే మా మిజో మాస్టారు మాట మార్చారు. నేనూ ఒత్తిడి చేయలేదు.

మా తరగతిలో గుత్తికోయ పిల్లలున్నారు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో ఊళ్లు ఖాళీ అయినప్పుడు అడవి దాటి వచ్చిన వాళ్ల పిల్లలు. వెనుక బెంచీలో కూర్చునే అమ్మాయి, ఎప్పుడూ ఏమీ అడగనిది, లేచి నిలబడింది.

"ఊళ్లు ఖాళీ చేసినప్పుడు వడ్లు ఏం చేశారు సార్?"

మాస్టారు చెప్పిందే చెప్పాను. మోయగలిగినన్ని బుట్టలో మోసుకెళ్లారు, మిగిలినవి కాల్చేశారని.

ఆ అమ్మాయి తల ఊపి కూర్చుంది. తన ఊరి సంగతి నేను అడగలేదు.