ఎలక్ట్రిక్ సైకిలు వేగానికి కళ్లెం ఎందుకు?

మోకాళ్ల నొప్పులతో మామూలు సైకిలు మానుకున్నవారు, గుండెకు స్టెంటు వేయించుకుని మళ్లీ వ్యాయామం మొదలుపెట్టాలనుకునేవారు, ఎలక్ట్రిక్ సైకిలు తొక్కవచ్చునా అని నన్ను తరచుగా అడుగుతుంటారు. మీ వైద్యుడు వ్యాయామానికి అనుమతిస్తే నిశ్చింతగా తొక్కండి అనే చెబుతాను. మోటారు సాయం ఉన్నా, పెడలు తొక్కినంతసేపూ గుండె, కండరాలు పనిచేస్తూనే ఉంటాయి. ఎత్తు వచ్చినప్పుడు ఆయాసం హద్దు మీరకుండా మోటారు ఆదుకుంటుంది.

ఈ మధ్య మా మేనల్లుడు అడిగిన ప్రశ్న మాత్రం వేరు. అతనికి నలభై మూడేళ్లు, హైదరాబాదులో ఉద్యోగం. ఆదివారాలు మిత్రులతో కలిసి వికారాబాదు దగ్గర అనంతగిరి గుట్టల చుట్టుపక్కల మట్టి దారుల్లో సైకిలు తొక్కి వస్తాడు. "మామయ్యా, బండి 25 దగ్గర ఆగిపోతోంది. మెకానిక్ ఆ లిమిటర్ తీసేస్తానంటున్నాడు. నేను తొక్కేది రోడ్డు మీద కాదు కదా, తీయిస్తే తప్పేమిటి?" అన్నాడు. చట్టం పేరు చెప్పి అతని నోరు మూయించడం నాకు ఇష్టం లేకపోయింది. అతనికి ఇచ్చిన జవాబు ఇతరులకూ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఈ లిమిటర్ చేసే పని ఏమిటో చూద్దాం. చక్రం ఎంత వేగంగా తిరుగుతున్నదో ఒక సెన్సర్ కనిపెట్టి, కంట్రోలర్ అనే చిన్న పెట్టెకు తెలియజేస్తుంది. వేగం గంటకు 25 కిలోమీటర్లకు చేరగానే కంట్రోలర్ మోటారుకు విద్యుత్తును ఆపుతుంది. అంతే. అది బ్రేకు వేయదు, మన కాళ్లను ఆపదు. మన దేశంలో మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం 25 కిలోమీటర్ల లోపు ఉన్న బ్యాటరీ వాహనాన్ని మోటారు వాహనంగా పరిగణించరు. అందుకే దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా అక్కరలేదు. ఆ హద్దు తీసివేసిన మరుక్షణం అది రిజిస్ట్రేషన్ లేని, బీమా లేని మోటారు వాహనం అవుతుంది. దారిలో ఎవరికైనా గాయమైతే పరిహారం భారమంతా యజమాని మీదనే పడుతుంది.

ఇక గుట్టల సంగతి. మనిషి, సైకిలు కలిసి 100 కిలోల బరువు అనుకుందాం. నూరు మీటర్ల దూరానికి పది మీటర్లు లేచే ఎత్తును గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి సుమారు 270 వాట్ల శక్తి కావాలి. మోటారు ఇచ్చే 250 వాట్లకు మన కాళ్ల 100 వాట్లు కలిపినా వేగం దాదాపు 12 కిలోమీటర్ల దగ్గరే నిలుస్తుంది. అంటే ఎక్కేటప్పుడు ఆ 25 హద్దు మనకు తగలనే తగలదు. ఎత్తు ఎక్కడానికి కావలసింది చిన్న గేరు, మోటారు లాగుడు బలం. లిమిటర్ తీస్తే ఆ రెండూ పెరగవు. దిగేటప్పుడు మోటారు అవసరమే లేదు, భూమ్యాకర్షణే చాలు.

"అయితే వచ్చే ఆదివారం బండి మీటరు చూసి ఎక్కడ ఎంత వేగం వస్తోందో రాసుకుని రా" అన్నాను. అతను నిజంగానే రాసుకుని వచ్చాడు. ఎక్కుడులో 9 నుంచి 12. రాళ్లు తేలిన దారిలో 15. మొరం దారిలో 20 లోపు. బండి 25 దగ్గర ఆగిన చోటు ఒక్కటే: కారు నిలిపిన చోటికి తిరిగి వచ్చే తారు రోడ్డు! గుట్టల కోసం తీయించాలనుకున్న లిమిటర్ గుట్టల్లో అసలు పనిచేయడమే లేదు. దాన్ని తీస్తే లాభం కలిగేది బస్సులు, పశువులు, పిల్లలు తిరిగే ఊరి రోడ్డు మీదనే.

ఆ లాభానికి శరీరం చెల్లించే మూల్యం ఎంత? వేగం 25 నుంచి 45కు పెరిగితే, దెబ్బలోని శక్తి మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. 25 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొనడం సుమారు రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడటంతో సమానం. 45 అయితే అది 8 మీటర్ల ఎత్తు, అంటే రెండంతస్తుల మేడకు పైమాటే. ప్రమాదాన్ని గమనించి బ్రేకు నొక్కడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, ఆ లోపలే 25 వేగంలో 10 మీటర్లు, 45 వేగంలో 19 మీటర్లు దాటిపోతాం. సైకిలు హెల్మెట్లను ఐరోపా ప్రమాణం ప్రకారం పరీక్షించేది సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి జారవిడిచి. అవి సైకిలు వేగాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి.

జిల్లా ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేస్తున్న రోజుల్లో చూసిన ఒక యువకుడు నాకు ఇప్పటికీ గుర్తున్నాడు. మామూలు సైకిలు మీద గులకరాళ్లలో జారిపడ్డాడు. హ్యాండిల్ కొన ఎడమవైపు పొట్టలో గుచ్చుకుంది. చర్మం మీద రూపాయి బిళ్లంత కమిలిన గుర్తు తప్ప గాయం లేదు. లేచి ఇంటికి నడిచి వెళ్లాడు. సాయంత్రానికి కళ్లు తిరిగి పడిపోయాడు. పొట్ట తెరిచి చూస్తే ప్లీహం చిట్లి, లోపలంతా రక్తం నిండి ఉంది. సమయానికి వచ్చాడు కనుక బతికాడు. మోటారు లేని సైకిలు చేసిన పని అది. గుట్టల్లో ఇలాంటి దెబ్బ తగిలితే ఆసుపత్రికి చేరే సమయం ఇంకా పెరుగుతుంది.

మా మేనల్లుడు లిమిటర్ జోలికి పోలేదు. ఆ డబ్బుతో లోతైన గాడులున్న టైర్లు, కొత్త బ్రేకు ప్యాడ్లు వేయించాడు. మట్టి దారికి నిజంగా పనికివచ్చేవి అవే. హెల్మెట్, చేతి తొడుగులు తప్పనిసరి. ఒంటరిగా వెళ్లవద్దు. హ్యాండిల్ కొనల రబ్బరు మూతలు ఊడిపోతే వెంటనే మార్చండి, ఉత్త గొట్టం పొట్టలోకి కత్తిలా దిగుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు రాళ్ల దారులకు దూరంగా ఉండటం మేలు.

పడిన తరువాత కొన్ని లక్షణాలను తేలికగా తీసుకోకండి: కొద్దిసేపైనా స్పృహ తప్పడం, వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత; పొట్టనొప్పి, ఎడమ భుజంలో కారణం తెలియని నొప్పి, చల్లని చెమటలు, మూత్రంలో రక్తం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. పైకి గాయం కనిపించడం లేదు కదా అని తెల్లవారేదాకా ఆగకండి.