రేపటికి ఏ కాలం?

మా గడ్‌చాందూర్‌లో తెలుగు పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. ఇంగ్లీషు నాలుగోది. రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలోనిదే. సిమెంటు పనికి వలస వచ్చినవాళ్ల సంగతి వేరు గాని, పాత ఇళ్లవాళ్లు కదల్లేదు, సరిహద్దే కదిలింది.

నా దగ్గర చదువుకునే పదో తరగతి అమ్మాయి ఒకతె 'వెన్ ఫాదర్ విల్ కమ్, ఐ విల్ ఆస్క్ హిమ్' అని రాసింది. మొదటి 'విల్' కొట్టేసి 'కమ్స్' అని దిద్దాను. "నాన్న వచ్చేది రేపు కదా సార్, ఎందుకు కొట్టేశారు?" అంది. న్యాయమైన ప్రశ్నే. హిందీలో 'జబ్ ఆయేగా' అని భవిష్యత్తే వాడతారు మరి.

"ఇదే ఇంట్లో ఎట్లా అంటావు?" అన్నాను. "నాన్న వచ్చినంక అడుగుత" అంది.

చూడండి, రావడం రేపే అయినా, 'వచ్చి' అన్నది జరిగిపోయిన పనికి వాడే రూపం. మరాఠీలోనూ 'ఆలా కీ' అనే అంటారు. 'వాన పడితే పత్తి విత్తుతాం' అన్నప్పుడు 'పడితే'కు కాలమే లేదు. చిన్నయసూరి దాన్ని చేదర్థకం అన్నాడు. రేపటి భారమంతా 'విత్తుతాం' మోస్తుంది. ఇంగ్లీషులో ఆ భారం మోసేది రెండో 'విల్'. అందుకే అక్కడా 'ఇఫ్ ఇట్ రెయిన్స్' చాలు.

మరి 'ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్' అనేదో? అక్కడ 'విల్' ఉండాల్సిందే. దానికీ తెలుగే గుర్తు చెబుతుంది. 'ఎప్పుడు వస్తాడో తెలియదు' అంటాం గాని 'వచ్చినప్పుడు తెలియదు' అనం. 'ఇఫ్' కూడా అంతే: 'వస్తే' అయితే మామూలుగా 'విల్' వద్దు, 'వస్తాడో రాడో' అయితే కావాలి.

ఆ అమ్మాయికి ఇంగ్లీషు రావాలంటే ఇంట్లో తెలుగు మానేయమని తండ్రికి ఎవరో సలహా ఇచ్చారట. ఆయన మానేశాడు కూడా. పిల్లతో వచ్చీరాని ఇంగ్లీషు ముక్కలే మాట్లాడుతున్నాడు. ఆయన్ని పిలిచి, పై వాక్యాలన్నీ కాగితం మీద పక్కపక్కన రాసి చూపించాను. చాలాసేపు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇక్కడి బడి మన పిల్లలకు తెలుగు నేర్పదు. ఇంట్లో వినేదే వాళ్లకున్న వ్యాకరణం. ఇంగ్లీషు కోసం దాన్నే తీసేస్తే, ఇంగ్లీషును దేనితో పోల్చి చూసుకుంటారు?