గుంట గట్టు మీద ప్రశ్న

ఎం.ఏ. పొలిటికల్ సైన్స్‌లో చేరినప్పుడు మైపాడు వైపు మా వాళ్ళందరిదీ ఒకటే మాట: అది చదివి ఏం చేస్తావు?

ఆ చదువులో ఉండగానే, 2025 ఆగస్టు 27న మన దేశపు సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ఈక్వెడార్ రొయ్యకు అప్పుడు 15 శాతమే. పైగా మన రొయ్య మీద 2005 నుంచే యాంటీ డంపింగ్ సుంకం కూడా ఉంది. వంద కౌంటు (కిలోకి వంద తూగే) రొయ్య రేటు తగ్గిందని దిగులుగా గుంట గట్టు మీద కూర్చున్న బాబాయికి ఇదంతా చెప్పాను. ఆ యాభైలో సగం రష్యా నుంచి చమురు కొంటున్నందుకు వేసిందని కూడా చెప్పాను.

ఆయన ఏరేటర్ల వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "రష్యా చమురుకీ మన గుంటలో రొయ్యకీ ఏంది సంబంధం అబ్బయ్యా?"

నా ప్రాజెక్టుకి అంశం అదే పెట్టుకున్నాను. మొదటి ఇంటర్వ్యూ బాబాయిదే.