మూడు దేశాల సరస్సుమీద మోటారు పడవ

పిల్లలూ! యూరప్ పటం తీసి ఆల్ప్స్ పర్వతాలకు ఉత్తరంగా వేలుపెట్టి చూడండి. జర్మనీ, స్విట్జర్లండు, ఆస్ట్రియా మూడూ కలిసేచోట తోక చీలిన చేపలాంటి నీలిమచ్చ ఒకటి కనిపిస్తుంది. మన భూగోళం పుస్తకాలలో దానిపేరు కాన్‌స్టన్స్ సరస్సు. జర్మనులు బోడెన్‌జే అంటారు. పొడవు 63 కిలోమీటర్లు, వైశాల్యం 536 చదరపు కిలోమీటర్లు. మిక్కిలి లోతైనచోట 251 మీటర్లు. నాలుగు చార్మినార్లను ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా అక్కడ మునిగిపోతాయన్నమాట!

ఈ సరస్సుకు ఒక వింత ఉన్నది. ఒడ్డు ఎవరిదో అందరికీ తెలుసు. మొత్తం 273 కిలోమీటర్ల ఒడ్డులో 173 జర్మనీది, 72 స్విట్జర్లండుది, 28 ఆస్ట్రియాది. కూడి చూసుకోండి, సరిపోతుంది. మరి నడుమనున్న నీళ్లు ఎవరివి? సరస్సులోని పెద్దభాగంలో సరిహద్దు ఎక్కడో ఈ మూడు దేశాలూ ఇంతవరకు ఒప్పందం చేసుకోలేదు. నడిగీత వరకు మాది అంటుంది స్విట్జర్లండు. లోతునీళ్లు ముగ్గురికీ ఉమ్మడి అంటుంది ఆస్ట్రియా. జర్మనీ ఏదీ తేల్చి చెప్పదు. జానెడు గట్టుకోసం అన్నదమ్ములు కోర్టుకెక్కడం చూసినవాణ్ణి గనుక ఈ సంగతి నాకెంతో విచిత్రంగా తోచింది.

మా అమ్మాయీ అల్లుడూ ఆ దేశంలో ఉద్యోగం చేస్తున్నారు. వాళ్ల పొరుగింటాయన నావలెనే బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. లెక్కల మేష్టరు. ఆయనకు, ఆయన భార్యకు ఈ సరస్సులో సొంత మోటారు పడవ ఒకటి ఉన్నది. ఏటా వేసవిలో ఆ దంపతులు దానిమీద రేవు తరవాత రేవు చూసుకుంటూ తీరుబడిగా తిరుగుతారు. పోయిన వేసవిలో నన్నూ మా ఇంటావిడనూ కూడా రమ్మన్నారు. పగలు పడవలో, రాత్రిళ్లు రేవు ఊళ్లలో బస.

ఆ సరస్సులో ఆరు గుర్రాల బలం మించిన మోటారు నడపాలంటే పరీక్ష ప్యాసై లైసెన్సు తీసుకోవాలి. ఒడ్డుకు 300 మీటర్ల లోపల గంటకు 10 కిలోమీటర్లకంటె వేగంగా పోరాదు. పడవలోని మురుగునీళ్లు సరస్సులో వదలరాదు. తొట్టిలో పట్టి ఉంచి రేవులో తోడించాలి. మా మేష్టరు ఈ నిబంధనలన్నీ మాకు ఎక్కం అప్పజెప్పినట్టు వినిపించాడు.

లిందౌ అనే ద్వీపపట్నంలో పడవ ఎక్కాము. ఆ రేవుకు వాకిలి ఉన్నది! ఒక పక్క 33 మీటర్ల దీపస్తంభం, రెండోపక్క దిమ్మెమీద కూర్చున్న ఆరుమీటర్ల రాతిసింహం. రెండూ 1856లో పూర్తయినవి. వాటి నడుమనుంచి బయటికి వస్తే ఎదురుగా ఆల్ప్స్ కొండలు, ఎండలో కూడా నెత్తిన మంచుతో. "ఏమండీ, పాలమీగడ ఒలికినట్టు లేదూ?" అన్నది మా ఇంటావిడ.

మధ్యాహ్నానికి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ చేరాము. హాఫెన్ అంటే రేవు. జెప్పెలిన్ ప్రభువు పేరు విన్నారా? ఈయన 1838లో ఈ సరస్సు ఒడ్డునే, కోన్‌స్టాన్జ్‌లో పుట్టాడు. 1900 జూలై 2న ఆయన తయారుచేయించిన 128 మీటర్ల గాలిఓడ మొదటిసారి ఇక్కడ ఎగిరింది. అది ఎగిరింది నేలమీదినుంచి కాదు, సరస్సుమీదినుంచి. ఎందుకో ఆలోచించండి. అంత పెద్ద ఓడను కొట్టంలోనుంచి బయటికి లాగేటప్పుడు అడ్డగాలి వీస్తే అది గోడకు కొట్టుకొని విరిగిపోతుంది. అందుకని కొట్టాన్నే నీళ్లమీద తేలేటట్టు కట్టి ఒకచోట లంగరు వేశారు. గాలి ఎటు తిరిగితే కొట్టం అటు తిరుగుతుంది; ఓడ ఎప్పుడూ గాలివాలునే బయటికి వస్తుంది. ఎంత యుక్తి! ఆనాటి ఓడలలో నింపింది హైడ్రోజన్ వాయువు. అది తేలికైనదే కాని అంటుకుంటే భగ్గుమంటుంది. 1937లో హిండెన్‌బర్గ్ అనే ఓడ అమెరికాలో అట్లాగే కాలిపోయింది. ఇప్పుడు ఆ ఊరినుంచి ఎగిరే కొత్త గాలిఓడలలో నిప్పంటుకోని హీలియం నింపుతారు. మేము రేవులో తాడు కడుతూ ఉండగా ఒకటి తలపైనుంచి ఏనుగు నడకన పోయింది.

మరునాడు హాగ్నౌ అనే ఊరిముందుగా పోతున్నప్పుడు మేష్టరు మోటారు ఆపి, "నా చిన్నప్పుడు ఇక్కడినుంచి ఆవలిగట్టుకు నడిచిపోయాను" అన్నాడు. హాస్యమనుకున్నాను. కాని నిజమే. 1963 చలికాలంలో సరస్సు అంతా గడ్డకట్టింది. అంతకుముందు అట్లా గడ్డకట్టింది 1830లో! జనం సైకిళ్లమీద, కార్లమీద కూడా దాటారట. ఫిబ్రవరి 12న హాగ్నౌవారు తమ చర్చిలోని యోహాను విగ్రహాన్ని ఊరేగింపుగా మంచుమీదుగా స్విట్జర్లండులోని మ్యూన్‌స్టర్లింగెన్‌కు తీసుకుపోయి అప్పగించారు. సరస్సు గడ్డకట్టినప్పుడల్లా ఆ విగ్రహం ఈ గట్టునుంచి ఆ గట్టుకు మారడం వందల ఏళ్లనాటి ఆచారం. అప్పటినుంచి అది అక్కడే ఉన్నది. చలికాలాలు వెచ్చబడుతున్నాయి గనుక హాగ్నౌకు ఎప్పుడు తిరిగి వస్తుందో!

ఇట్లా మాట్లాడుకుంటూ ఉండగా ఒడ్డున ఒక నారింజరంగు దీపం మిణుకుమనసాగింది. మేష్టరుగారి భార్య మాట్లాడకుండా నలుగురికీ తేలుడు చొక్కాలు అందించింది. ఆయన నా గడియారం చూపి, "లెక్కపెట్టండి" అన్నాడు. నిమిషానికి 40 సార్లు. పెద్దగాలి రావచ్చు, జాగ్రత్త అని దానికి అర్థం. 90 సార్లు మిణికితే తుపానుగాలి అని అర్థం. అంటే గంటకు 60 కిలోమీటర్లకు పైమాటే. సరస్సు చుట్టూ మూడు దేశాలలోనూ ఇదే గుర్తు, ఇదే లెక్క.

ఆకాశంలో ఎండ కాస్తూనే ఉన్నది. పడమట మాత్రం ఒక నల్లటి గీత. మేష్టరుకు కోన్‌స్టాన్జ్ వరకూ పోదామని ఉన్నది. "ఇంకెంత, మేర్స్‌బుర్గ్ దాటి కొంచెం దూరమేగా" అన్నాడు. ఆవిడ, "మేర్స్‌బుర్గ్ రేవు దగ్గిర" అన్నది. ఇద్దరూ కొంతసేపు జర్మన్‌లో వాదించుకున్నారు. భాష తెలియకపోయినా ఏమనుకుంటున్నారో మా ఇద్దరికీ చక్కగా అర్థమైంది! మా ఇంటావిడ కళ్లు దీపంమీదనుంచి తీయలేదు. "ఏమండీ, దీపం తొందరపడుతోంది" అన్నది. మళ్లీ లెక్కపెట్టాను. అర నిమిషానికి 45.

మేష్టరు మారుమాట లేకుండా చుక్కాని మేర్స్‌బుర్గ్ వైపు తిప్పాడు. రేవు గోడ లోపలికి వచ్చి తాడు కట్టామో లేదో, అంతవరకు అద్దంలా ఉన్న నీళ్లు నల్లబడి లేచాయి. సముద్రపు అలలవలె పొడవైనవి కావు. పొట్టివి, నిలువైనవి, ఒకదానివెంట ఒకటి. చిన్నపడవకు ఒక అలనుంచి తేరుకునేలోపుగా మరొకటి తగులుతుంది. బయట తెరచాప పడవ ఒకటి మిగిలిపోయింది. అందులో ఒక తండ్రీ పదేళ్ల కొడుకూ. చాప దించేశారు, కాని గాలి వాళ్లను రాళ్లవైపు నెడుతున్నది. రక్షకపడవ ఒకటి వెళ్లి తాడు అందించి వాళ్లను లాక్కువచ్చేవరకు రేవులో ఎవరూ పెదవి విప్పలేదు. ఆ కుర్రవాడు గోడమీద కాలు పెట్టగానే మా ఇంటావిడ తన శాలువ తీసి వాడికి కప్పేసింది. వాడి తండ్రి ఏదో చెప్పబోయి చెప్పలేకపోయాడు.

ఆ రాత్రి భోజనశాలలో ఫెల్షెన్ చేప ఉన్నదా అని మేష్టరు అడిగాడు. లేదన్నారు. మేమిద్దరం శాకాహారులం గనుక మాకు లోటు లేదు. ఆయన మాత్రం నిట్టూర్చాడు. ఫెల్షెన్ ఈ సరస్సుకు పేరుతెచ్చిన చేప. 2024 మొదలు మూడేళ్లపాటు దాన్ని పట్టరాదని నిషేధించారు. కారణం వింటే ఆశ్చర్యపోతారు. ఒకప్పుడు ఊళ్ల మురుగు, సబ్బుపొడులలోని భాస్వరం కలిసి సరస్సు నాచుపట్టి పాడైపోసాగింది. 1959లో ఒడ్డునున్న రాజ్యాలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకొని, మురుగు శుద్ధిచేసే కర్మాగారాలు కట్టించాయి. 1980 తరవాత భాస్వరం బాగా తగ్గింది. ఇప్పుడు 60 మీటర్ల లోతునుంచి తోడిన ఈ నీళ్లే శుద్ధిచేసి, మా అమ్మాయి ఉండే స్టుట్‌గార్ట్ మొదలైన ఊళ్లలో సుమారు 40 లక్షలమందికి పంపుతున్నారు. అయితే నీళ్లు తేటపడ్డకొద్దీ చేపకు మేత తగ్గింది. దానికితోడు బయటినుంచి వచ్చిన ముళ్లచేప ఒకటి ఫెల్షెన్ గుడ్లనూ పిల్లలనూ తింటున్నది. కొంచెం భాస్వరం మిగిలి ఉండనివ్వండని జాలరులు, తాగేనీటి సంగతేమిటని తక్కినవారు! మేష్టరు జాలరుల పక్షం, ఆయన భార్య నీళ్ల పక్షం. నన్ను తీర్పు చెప్పమన్నారు. నేను సూపు తాగుతూ ఊరుకున్నాను.

మూడోనాడు, నిన్నటి గొడవ తనది కాదన్నట్టు సరస్సు నిద్రపోతున్నది. అరగంటలో కోన్‌స్టాన్జ్ చేరాము. ఆల్ప్స్‌నుంచి దిగి తూర్పుకొసన సరస్సులో పడ్డ రైన్ నది ఇక్కడినుంచి మళ్లీ నదిగా బయలుదేరుతుంది. ఇక్కడి వంతెన దగ్గిర రైన్ నదికి సున్నా కిలోమీటరు. ఇక్కడినుంచి సముద్రంవరకూ వెయ్యికి పైచిలుకు కిలోమీటర్లు వరసగా లెక్క వేసి ఉన్నాయి.

"మరి ఇంతకుముందు కొండల్లోనుంచి వచ్చిన నదికి లెక్క లేదా?" అన్నది మా ఇంటావిడ. లెక్కల మేష్టరు టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆయన భార్య పకపకా నవ్వి, తాడు విప్పమని నాకు సైగచేసింది.