బండారులంకలో టీకాల లెక్క

అమలాపురమునకు చేరువనున్న బండారులంక చేనేతకు పేరుపడిన గ్రామము. కొబ్బరితోటల నడుమ మగ్గముల చప్పుడు వినుచు నేను పోయినది మాత్రము చీరలకు గాదు. పసిబిడ్డల టీకాల లెక్క యెట్లు నడచునో ఆరోగ్యకేంద్రమున చూచుటకు. నాడు బుధవారము, తల్లులు బిడ్డలతో బారులు తీరియుండిరి.

మందుల గదిలో ఐ.ఎల్.ఆర్. అను శీతలపేటిక కలదు. దాని గోడలలోని మంచుపొర వలన విద్యుత్తు పోయినను కొన్ని గంటలు చలువ నిలుచును. టీకాలను 2 నుండి 8 డిగ్రీల నడుమనే కాపాడవలెను. "వేడి తగిలితే సీసా మీద గుర్తు నల్లబడి చెబుతుందండి, గడ్డకడితే మాత్రం ఆ గుర్తేమీ చెప్పదండి. అందుకే రోజూ పొద్దున్నా సాయంత్రం డిగ్రీలు రాస్తామండి" అని నర్సు వివరించెను.

తట్టు, రుబెల్లా టీకాపొడిని ద్రవముతో కలిపిన 4 గంటలలో వాడగా మిగిలినది పారవేయవలెను. పెంటావాలెంటు టీకా సీసా, నియమములు తప్పనిచో, తెరచిన పిదప 28 దినములు పనికివచ్చును. ఒక్క బిడ్డయే వచ్చినను సీసా తెరువవలసినదే. బిడ్డను టీకా లేక మరలించుటకంటె సీసాలోని తక్కిన మోతాదులు పోవుటయే మేలు. అయితే పోయినదానిని పోయినట్లు వ్రాయనిచో తరువాతి ఇండెంటు తప్పును. నూలు తూచి పుచ్చుకొని బట్ట తూచి యిచ్చు నేతవారివలె, ఇచటను వచ్చినది, వేసినది, పోయినది, మిగిలినది సరిపడవలెను.

2015లో పండ్రెండు రాష్ట్రములలో ఆరంభమై దేశమంతట వ్యాపించిన ఈవిన్ అను ప్రభుత్వ కంప్యూటరు విధానముచే ఈ నిల్వలును, పేటికల ఉష్ణోగ్రతయు పై అధికారులకు ఎప్పటికప్పుడు తెలియుచున్నవి. ఒకచోట కొరత కలిగినచో మిగులున్న చోటునుండి మందు పంప వీలగుచున్నది.

ప్రైవేటు వైద్యశాలలు పంపిణీదారులయొద్ద కొను టీకాలు సాధారణముగ ఈ లెక్కలో చేరవు. 2021 జూన్ 21 నుండి కోవిడ్ టీకాలలో నాలుగవవంతు ప్రైవేటు ఆసుపత్రులకు కేటాయింపబడినను, వేసిన ప్రతి మోతాదును కోవిన్ అను ప్రభుత్వ విధానములో నమోదు చేయవలసివచ్చెను. అంతటి విపత్తులో సాధ్యమైనది నిత్యమును సాధ్యమే. తట్టు ప్రబలిన ఊర ఎందరు బిడ్డలకు రక్షణ కలదో, మందు ఎచట ఎంత యున్నదో తెలియుటకు ప్రభుత్వ, ప్రైవేటు ఉభయుల లెక్కయు ఒక్కచోట చేరవలెను. వెల యిచ్చి వేయించుకొన్నను, ఉచితముగ వేయించుకొన్నను బిడ్డ బిడ్డయే. ఆ లెక్కను అడుగుట ప్రభుత్వమునకు విధి, చూపుట ప్రైవేటు వైద్యులకు ధర్మము.