లిలియన్ గిష్

క్రూరుడగు తండ్రి నవ్వుమని గద్దింపగా, నవ్వెఱుగని బాలిక యొకతె రెండు వ్రేళ్లతో పెదవుల కొనలను పైకి నెట్టి, కన్నులలో భయ మటులనే నిలిచియుండగా మోమునకు మందహాసమును తగిలించుకొను దృశ్యమును, 1919 నాటి దర్శకుడు గ్రిఫిత్ చిత్రము 'బ్రోకెన్ బ్లాసమ్స్'లో చూచినవారు మూకీ నటి లిలియన్ గిష్‌ను మఱచుట దుర్లభము. మఱుసటి యేడు 'వే డౌన్ ఈస్ట్' చిత్రమునకై, నిజమైన నదిలో కదలిపోవు మంచుపలకపై పరుండి, చేతిని, కురులను నీటిలో వ్రేలాడవిడిచెదనని తానే సూచించి, ఆ చలిదెబ్బ ఫలమును వ్రేళ్లలో జీవితాంతము అనుభవించినది. ఆ 1920లోనే చెల్లెలు డొరతీని నాయికగా నిలిపి ఒక చిత్రమునకు దర్శకత్వము వహించినది కూడ. టాకీల రాకతో ఎందఱో మూకీ తారలు మఱుగుపడిపోగా, ఈమె మాత్రము నాటకరంగమును ఆశ్రయించి, అడపాదడపా తెరకు మరలివచ్చుచు, 1912లో ఆరంభమైన నటజీవితమును 1987 నాటి 'ది వేల్స్ ఆఫ్ ఆగస్ట్' వఱకు, అనగా డెబ్బదియైదేండ్లు, సాగించినది.

మూకీ నటన యన చేతులూపుట, కన్నులు త్రిప్పుటయే గదా యని తీసిపారవేయు మిత్రులు, ఈమె చిత్ర మొక్కటి, పాత సరుకను చులకన లేక, ఆసాంతము చూచి పిమ్మట వాదమునకు రావలెనని నా మనవి.