ఉప్పుగాలిలో యమహా

టయోటా సుప్రా, మాజ్డా ఆర్‌ఎక్స్-7 లాంటి పాత జపాన్ స్పోర్ట్స్ కార్ల మీద మోజున్న కుర్రాళ్లు మా నెల్లూరులోనూ ఉన్నారు. వాటి ఇంజన్ల వివరాలు నోటికి చెబుతారు కానీ కొనుక్కునే దారి లేదు. మూడేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ కారును మామూలుగా మన దేశంలోకి దిగుమతి చేసుకోనివ్వరు. న్యూజిలాండ్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఉన్న ఆ వీలు, కృష్ణపట్నం రేవు పక్కనే ఉన్నా మనకు లేదు. ఆ కుర్రాళ్లను చూసినప్పుడల్లా నేను మా వసారాలోని బండి చూపిస్తాను. జపాన్ వాళ్ల పనితనం మా సముద్రతీరానికి చేరింది ఆ బండి రూపంలోనే. అది యమహా ఆర్‌ఎక్స్ 100.

1980లలో, 100 సీసీ వరకు ఉన్న బళ్లను విదేశీ కంపెనీలతో కలిసి తయారుచేయడానికి ప్రభుత్వం అనుమతించింది. హీరోతో హోండా, టీవీఎస్‌తో సుజుకి, బజాజ్‌తో కవాసాకి జతకట్టాయి. యమహా ఎస్కార్ట్స్‌తో కలిసింది. 1985 చివర్లో ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. మొదటి విడత బళ్లు విడిభాగాలుగా జపాన్ నుంచే వస్తే ఇక్కడ బిగించారు. ఇంజను 98 సీసీ, శక్తి 11 హార్స్‌పవర్, బండి బరువు దాదాపు 100 కిలోలు. టూస్ట్రోక్ ఇంజనులో క్రాంక్ తిరిగే ప్రతి చుట్టుకూ ఒకసారి పెట్రోలు మండుతుంది, ఫోర్‌స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారి. అంత తేలిక బండికి ఆ ఊపు తోడైతే ఎలా ఉంటుందో మైపాడు రోడ్డు మీద మూడో గేరులో యాక్సిలరేటర్ తిప్పిన వాళ్లకు తెలుసు.

మా తీరంలో ఈ బండి కథ రొయ్యల కథతో ముడిపడి ఉంది. 1980ల చివర్లో వరిచేలూ చవుడు నేలలూ తవ్వి టైగర్ రొయ్య వేయడం మొదలైంది. రొయ్యల గుంట పసిబిడ్డ కంటే కష్టం. వేళకు మేత పడాలి. అర్ధరాత్రి ఏరేటర్ ఆగిపోతే నీళ్లలో ప్రాణవాయువు తగ్గి, తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. డీజిలుకో మెకానిక్కుకో ఏ వేళకైనా పరిగెత్తాలి. ఇసక దారిలో దిగబడకుండా, గుంట కట్ట మీద తూలకుండా, ఒక్క కిక్కుకు లేచే బండి కావాలి. రొయ్య డబ్బు చేతికొచ్చిన మా వాళ్లలో చాలామంది ముందు కొన్నది ఆర్‌ఎక్సే. మా మామయ్యా అంతే. తర్వాత 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలు ఊడ్చుకుపోయాయి. 1996లో కాలుష్య నిబంధనలు బిగుసుకుని ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగింది. ఆ డిసెంబరులోనే తీరప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మామయ్య అప్పులకు పొలం అమ్మాడు, బండి మాత్రం అమ్మలేదు. ఇప్పుడది నా దగ్గరుంది.

ఊరి లోపల పాత బండిని కాపాడుకోవడం వేరు, సముద్రం పక్కన కాపాడుకోవడం వేరు. ఉప్పు తేమను లాగుతుంది. ఇనుము మీద కంటికి కనపడని ఉప్పు పొర పడితే చాలు, అది గాలిలోని తడిని పట్టి ఉంచుతుంది, ఆ తడిలో తుప్పు పుడుతుంది. ఆర్‌ఎక్స్‌కు ఉన్న అందమంతా మెరుపు పూత. మడ్‌గార్డులు, రిమ్ములు, సైలెన్సర్, అన్నిటికీ అదే. పూతలో సూదిమొనంత సందు దొరికితే ఉప్పు అందులోంచి దిగి లోపలి ఇనుమును తింటుంది, పైన పూత బొబ్బలెక్కుతుంది. కడిగితే సరిపోతుందిగా అంటారు. దేనితో కడుగుతున్నామన్నది ముఖ్యం. తీరం ఊళ్లలో చాలా బోర్లలో వచ్చేది ఉప్పునీళ్లే. వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు పోసినట్టే. తాగే నీళ్లతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, చువ్వలకూ గొలుసుకూ నూనె పట్టించాలి. వానాకాలం, అంటే మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ట్యాంకు నిండుగా ఉంచితే మంచిది. ఖాళీ జాగాలో చెమ్మ చేరి ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, అదీ నీటిని పీల్చేదే. అందుకే నెలల తరబడి పాత పెట్రోలు నిల్వ పెట్టకూడదు. ప్లాస్టిక్ పట్టా కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది, పాత నూలు దుప్పటి మేలు. అన్నిటికంటే ముఖ్యం, బండి తిరగాలి. మూలన పెట్టిన ఇంజనులో బోరు తుప్పు పట్టి రింగులు అతుక్కుపోతాయి.

ఇక శబ్దం సంగతి. ఆ పటపట కోసమే చాలామంది ఈ బండి కొంటారు, కొని సైలెన్సర్ లోపలి భాగాలు కోసి పారేస్తారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. టూస్ట్రోక్ సైలెన్సర్ ఆకారం లెక్కగట్టి చేసింది. బయటికి పోయే పొగ పుట్టించిన అల లోపల తగిలి వెనక్కి వస్తుంది, వచ్చి, సిలిండర్ నుంచి జారిపోబోయే పెట్రోలు మిశ్రమాన్ని తిరిగి లోపలికి నెడుతుంది. దాన్ని కోసేస్తే గోల పెరుగుతుంది, శక్తి తగ్గుతుంది, పెట్రోలు వృథా అవుతుంది. టూస్ట్రోక్ పొగ మంచిది కాదు, కొత్త బళ్లలో ఆ ఇంజను ఆపేయడం సరైన పనే. మిగిలిన కొద్ది బళ్లను సరిగ్గా ఉంచుకోవలసిన బాధ్యత అందుకే మన మీద ఎక్కువ. టూటీ ఆయిల్ మంచిది వాడాలి, కార్బన్ గీయించాలి, బోరు అరిగితే దాచిపెట్టకుండా బోరింగ్ చేయించాలి.

పదిహేనేళ్లు దాటిన బండికి ఆర్‌సీ అయిదేళ్లకోసారి కొత్తగా రాయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి ఆ రుసుము వెయ్యి రూపాయలైంది, ఇరవయ్యేళ్లు దాటిన బళ్లకు 2025లో రెండు వేలు చేశారు. భారమే, అయినా కట్టండి. కాగితాలు చెల్లని ఆర్‌ఎక్స్‌కు చివరికి తుక్కు ధరే వస్తుంది. మీ ఇంటి కొట్టంలో నాన్నదో మేనమామదో అలాంటి బండి ఉంటే ఈ వానలు మొదలవకముందే బయటికి తీసి, సైలెన్సర్ కోయని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.